గోదాం సెట్టు, చేను సెట్టు

గుండ్లపోచంపల్లిల ఒక విత్తనాల కంపెనీ గోదాం ఉన్నది. అండ్ల నేను లారీలకు సరుకు ఎక్కించే పని చూస్త. ఏ లారీకి ఏ లాటు సంచులు పోవాలె, ఏ లాటు మొలక పరీక్ష కాక ఇంక ఆగి ఉన్నది, ఎవరిని ఏ షట్టరు కాడికి పంపాలె, ఇదే నా దినం. మొదట నేను అదే గోదాంల సంచులు కుట్టే మిషను మీద చేరిన. తొమ్మిదేండ్లు కుట్టిన. ఆ తర్వాత మా మేనేజరు నన్ను సూపర్‌వైజర్ని చేసి, ఆ పొద్దే నా నడుముకు ఒక వాకీటాకీ తగిలించిండు. మా దగ్గర దాన్ని సెట్టు అంటరు.

కుర్సీ వచ్చినందుకన్న ఆ సెట్టు వచ్చినందుకే నేను ఎక్కువ మురిసిన. అంతకుముందు ఆ గోదాంల ఆడమనిషి నడుముకు సెట్టు ఎవరూ చూడలే. లోపల ఫోర్క్‌లిఫ్టులు తిరుగుతుంటయి కాబట్టి ఫోన్లు చేత పట్టొద్దని మాకు గట్టి రూలు. ఏ మాటైనా సెట్టు మీదనే. బొత్తం ఒత్తి ఒక మాట అంటె షెడ్డు అవుతలి కొసకెళ్లి "వస్తున్న అక్కా" అని జవాబు రావాలె. మొదటి రెండు దినాలు పని లేకున్నా బొత్తం ఒత్తిన, అబద్ధమెందుకు.

మా సెట్లు కొత్తయి కావు. కంపెనీ ఇంకో జిల్లాల ఒక చేను ఎత్తేసినప్పుడు అక్కడికెళ్లి తెచ్చినయి. నెత్తి మీద జానెడు ఏరియలు, చేతుల పట్టుకుంటె ఇటుకంత బరువు. అదే నెలల శామీర్‌పేట అవుతల ఉన్న మా కంపెనీ చేనుకు మాత్రం కొత్త సెట్లు కొన్నరు. అవి చిన్నగ, వేలంత ఏరియలుతోని ముద్దుగ ఉండె. వాటిని వ్యానుల పెట్టి పంపించేది నేనే. నాకు జర కడుపు మండింది.

"సార్, మాకు పాతయి, చేనుకు కొత్తయా?" అని మేనేజరును అడిగిన.

ఆయన డబ్బా మీద అక్షరాలు చూపిచ్చిండు. "చేను దూరం గదమ్మా. నీ దగ్గర ఉన్నయి వీహెచ్‌ఎఫ్. అంటె వెరీ హై. గివి యూహెచ్‌ఎఫ్. అంటె అల్ట్రా హై. వెరీ కన్న అల్ట్రా పెద్దది గదా? దూరం పోవాల్సిన కాడ పెద్దదే ఉండాలె. నీ గోదాం ఎంతున్నది, గట్టిగ ఒర్రితె వినవడుతది."

ఆ మాట నాకు సబబుగనే అనిపిచ్చింది. చదువుకున్నోడు, ఊరికె అంటడా అనుకున్న. డబ్బా మూసి పంపిచ్చిన.

గొడవ అయ్యింది వానకాలం ముందట. ఆ పది పదిహేను దినాలు మాకు ఊపిరాడదు. పొద్దుగాలకే లారీలు వరుస కడతయి. ఆ దినం మూడో షట్టరు కాడ నిజామాబాద్ పోయే లారీ నిలవడ్డది. దానికి రాసి ఉన్న మక్కజొన్న విత్తనాల లాటుకు మొలక పరీక్ష కాగితం ఇంక రాలేదని ల్యాబు నుంచి మాట వచ్చింది. కాగితం రాకుండ ఆ సంచులు గేటు దాటొద్దు. మా ఫోర్క్‌లిఫ్టు డ్రైవరు అప్పుడు ఐదో వరుసల, ర్యాకుల నడుమ ఉన్నడు. నేను షట్టరు కాడికెళ్లి సెట్టుల చెప్పిన.

"మూడో షట్టరు బండిల ఆ మక్క లాటు ఎక్కియ్యకు."

అవుతలికెళ్లి గరగరమని చప్పుడు. ఆ చప్పుడు నడుమ "సరే అక్కా" అన్నది వినవడ్డది. సరేనన్నడు గదా అని నేను ల్యాబు దిక్కు పోయిన.

మల్ల వచ్చి చూస్తె మూడో షట్టరు ఖాళీ. లారీ లేదు, లాటు లేదు. మా నాయిన ఒక ఏడాది మొలువని విత్తనం పెట్టి, చేను చుట్టూ తిరిగి తిరిగి మాట్లాడకుండ కూసున్నది నాకు యాదికున్నది. నేను చిన్నదాన్నే గని ఆ కూసునుడు మర్శిపోలే. లారీ డ్రైవరుకు ఫోన్ మీద ఫోన్ చేసినం. తూప్రాన్ దాటినంక ఎత్తిండు. వెనుకకు మళ్లిచ్చినం. సరుకు రైతుల చేతికి పోలేదు, అంతవరకు దేవుని దయ. గని దించుడు, మల్ల లెక్క పెట్టుడు, ఆ దినమంత ఆగమాగం.

మేనేజరు అందరి ముందట నన్ను నిలవెట్టిండు. "ఒక్క మాట సక్కగ చెప్పరాదా అమ్మా నీకు?"

"చెప్పిన సార్. ఎక్కియ్యకు అన్న."

ఫోర్క్‌లిఫ్టు డ్రైవరు ముందుకొచ్చిండు. నా కన్న చిన్నోడు, ఇద్దరు పిల్లల తండ్రి, ఏనాడు నాకు ఎదురు మాట్లాడినోడు కాదు. "లేదు సార్, అక్క ఎక్కియ్యి అన్నది. నా చెవులార విన్న. నా పిల్లల మీద ఒట్టు."

నాకు ఏడుపు, కోపం రెండు ఒక్కసారే వచ్చినయి. బిడ్డల మీద ఒట్టు పెట్టి అబద్ధమాడే మనిషి కాదు అతను. నేను చెప్పింది కూడ అబద్ధం కాదు. వెనుకకెళ్లి ఎవరో "ఆడోళ్ల గొంతు సెట్ల పట్టది" అన్నరు. ఇంకొకరు నవ్విండ్రు. ఆ నవ్వు ఇంటిదాక నా వెంటపడ్డది.

ఆ దినం ఇంట్ల బియ్యం కడుగుకుంట అదే మాట లోపల్లోపల తిప్పి తిప్పి అనుకున్న. ఎక్కియ్యకు. ఎక్కియ్యకు. అప్పుడు తెలిసింది. మన భాషల వద్దు అనేది మాట కొసకు ఉంటది. ఆ కొస తెగితె వద్దన్నది కావాలన్నట్టు అయితది. "ఎక్కియ్య" దాక అతనికి వినవడ్డది, "కు" వినవడలే. ఇద్దరం నిజమే చెప్పినం.

తెల్లారి డ్రైవరును పక్కకు పిలిచి గిది చెప్పిన.

"అట్లయితె అక్కా, నేను నీ మీద ఒట్టిగనే చెప్పిన."

"నువ్వు విన్నది నువ్వు చెప్పినవు. ఇగ ఆ 'కు' ఎక్కడ పోతాందో చూద్దాం పా."

మధ్యాహ్నం అన్నాలప్పుడు లారీలు ఆగుతయి. ఆ సమయంల అతను సెట్టు పట్టుకొని ర్యాకుల నడుమకు పోయిండు. నేను షట్టరు కాడ నిలవడి కూరగాయల పేర్లు చదివిన. బెండకాయ, దొండకాయ, బీరకాయ, కాకరకాయ. విన్నది విన్నట్టు అతను చెప్పాలె. వినవడ్డ కాడ నేల మీద సుద్దతోని గీత గీయాలె, వినవడని కాడ ఇంటు గుర్తు పెట్టాలె. రెండో వరుస దాక పేర్లన్ని సక్కగ వచ్చినయి. నాలుగో వరుసకు పోయినంక బీరకాయ ఒట్టి కాయ అయ్యింది. ఏడుకు పోయేసరికి "అక్కా, ఏం చదువుతున్నవో ఏమో, గరగర వస్తాంది" అన్నడు. తొమ్మిదో వరుసల ఆ గరగర కూడ లేదు. ఇది ఆడ గొంతు తప్పేనా అని చూసేటందుకు, సెట్లు మార్చుకొని అతను షట్టరు కాడ చదివిండు, నేను లోపలికి పోయి విన్న. మొగ గొంతు కూడ అక్కడనే తెగింది. ఆ సంగతి ఆ పొద్దు అన్నం తినెటప్పుడు అందరికి వినవడేటట్టు చెప్పిన. ఎవరూ నవ్వలే.

చేను మేస్త్రి ఫోన్ చేసింది ఆ వారంలనే. ఆయన ఆ ఊరి భూములున్న ఇంటి మనిషి. అరవై దాటినయి. అన్నదమ్ములు ప్లాట్ల వ్యాపారంల దిగిండ్రు, ఈయనకు చేను విడిచి ఉండబుద్ధి గాక మా కంపెనీ చేనుకు మేస్త్రిగ ఉన్నడు. అప్పటిదాక మా ఇద్దరికి ఫోనుల సంచుల లెక్కలే తప్ప ముఖాలు తెలువయి.

"ఏందమ్మా, గీ కొత్త సెట్లు పంపిండ్రు మీరు? బొమ్మలా ఏంది ఇవి?" అన్నడు. "గుట్ట అవుతలి మడిల ఆడోళ్లు పూత తీస్తుండ్రు. మోటరు బంద్ చెయ్యుమని వాళ్లు అనేది నాకు రాదు, నేననేది వాళ్లకు పోదు. నీళ్లు పారి పారి మడి చెరువైతాంది. ఉరికి ఉరికి నా మోకాళ్లు పోయినయి."

"మా సెట్లు ఇంక అన్యాలం పటేలా," అన్న. "తొమ్మిదో వరుసకు పోతె సావు కబురు కూడ అందది."

ఆయన పెద్దగ నవ్విండు. "పటేలు గిటేలు ఎందుకు తియ్, అన్నా అను."

శనివారం వ్యాను చేనుకు పోతది. ఆ శనివారం నేను కూడ ఎక్కిన. మా పాత సెట్లు రెండు సంచిల పెట్టుకున్న. మేనేజరుకు చెప్పలే. వద్దంటడేమోనని చెప్పలే, అంతే.

మేడ్చల్ దాటి శామీర్‌పేట రోడ్డు పట్టినంక గాలి మారింది. చేను నడుమ ఒక రాళ్లగుట్ట. గుట్ట ఇవుతల షెడ్డు, బోరు మోటరు. అవుతల మక్కచేను, మనిషెత్తు. మక్క విత్తనం చెయ్యాలంటె ఆడవరుసల మొక్కల కొసన వచ్చే మగపూతను చేతితోని పీకేయాలె. ఆ పనికి పదిహేను మంది ఆడవాళ్లు ఆ చేనుల మునిగి ఉన్నరు. పైకెళ్లి చూస్తె మనుషులు కనవడరు, ఆకులు కదులుడే కనవడుతది.

మేస్త్రి నన్ను చూసి, "నీ గొంతు ఇని పెద్ద మనిషివనుకున్న, సన్నగున్నవు," అన్నడు. చల్ల ఇచ్చిండు. ముందు కొత్త సెట్లు చూపిచ్చిండు. షెడ్డు చుట్టుపక్కల గంట కొట్టినట్టు వినవడ్డయి. గుట్ట మలుపు తిరిగి చేనుల దిగంగనే ఖతం. అప్పుడు నేను సంచిలకెళ్లి మా పాత సెట్టు తీసి ఆయన చేతిల పెట్టిన. రెండోది పట్టుకొని చేనుల మూడు మళ్లు దాటి, అవుతలి గట్టు ఎక్కి నిలవడ్డ. చుట్టూ మక్క ఆకులు ముఖానికి కొట్టుకుంటున్నయి. బొత్తం ఒత్తిన.

"అన్నా, వినవడుతాందా?"

"పక్కన కూసొని మాట్లాడినట్టున్నది చెల్లె!"

జర గరగర ఉండె, నిజానికి. గని మాట మొత్తం వచ్చింది. పూత తీసే ఆమె ఒకామె నా చేతిలకెళ్లి సెట్టు గుంజుకొని, "మేస్త్రీ, మోటరు బంద్ చెయ్యి, కాళ్లు నానిపోయినయి" అన్నది. రెండు నిమిషాలకు కాలువల నీళ్లు సన్నవడ్డయి. ఆడవాళ్లందరు ఒక్కసారి ఓ అన్నరు. గంత చిన్న పనికి గంత సంబరం నేను ఎప్పుడు చూడలే.

ఎందుకు ఇట్లయితాందో మా ఇద్దరికి తెలువది. పాతది గట్టిది, కొత్తది ఒట్టిది అని మేస్త్రి తేల్చేసిండు. నాకు మాత్రం ఆ లెక్క కుదరలే. పాతది గట్టిదైతె మా గోదాంల ఎందుకు సచ్చిపోతాంది? గందుకే వచ్చేటప్పుడు కొత్త సెట్లు రెండు అడిగి తెచ్చుకున్న. సోమవారం మధ్యాహ్నం మల్ల అదే కూరగాయలు చదివిన. డ్రైవరు తొమ్మిదో వరుస కొసకెళ్లి, "బెండకాయ, దొండకాయ, బీరకాయ, కాకరకాయ, ఇగ చాలక్కా, ఆకలైతాంది" అన్నడు. ఒక్క అక్షరం పోలే.

ఇగ మేనేజరుకు చెప్పక తప్పలే. సుద్ద గీతలు చూపిచ్చిన. చేనుకు సెట్లు తీస్కపోయిన సంగతి కూడ ఒప్పుకున్న. ఆయన ముందు గరమైండు. తర్వాత నెత్తి గోక్కున్నడు. "అట్లెట్లయితది? అల్ట్రా గదా అది," అన్నడు. ఆఖరికి సెట్లు బాగుచేసేవాళ్లకు ఫోన్ చేసిండు.

వచ్చింది ఒక మేడం. నాగారం నుంచి స్కూటీ మీద, వెనుక పెద్ద బ్యాగు కట్టుకొని వచ్చింది. నా ఈడు మనిషే. ముందుగాల బ్యాటరీలన్ని పరీక్ష చేసింది, ఏరియలు విప్పి చూసింది. "రెండు రకాలు మంచిగనే ఉన్నయి. బలం కూడ ఇంచుమించు ఒక్కటే" అన్నది.

"మరి అల్ట్రా అంటె ఎక్కువ కాదా?" అని మేనేజరు అడిగిండు.

"ఎక్కువే సార్, గని బలం కాదు. మన మాటను మోసుకపోయే రేడియో అల ఒక్క సెకనుల ఎన్నిసార్లు ఊగుతదో ఆ లెక్క ఎక్కువ. వీహెచ్‌ఎఫ్ కన్న యూహెచ్‌ఎఫ్ ఎక్కువసార్లు ఊగుతది. ఎక్కువ ఊగేకొద్ది అల పొట్టిగైతది."

బ్యాగులకెళ్లి కొలిచే టేపు తీసింది. రెండు మీటర్లు బయటికి లాగి, ఒక కొస నన్ను పట్టుకోమన్నది. "పాత సెట్టు అల ఇంచుమించు గింత." మల్ల అరవై ఐదు సెంటీమీటర్ల కాడికి మడిచింది. "కొత్త సెట్టు అల గింత. ఇప్పుడు ఈ రెండిటిని ర్యాకుల సందులకెళ్లి పంపియ్యుండ్రి."

పొడుగు టేపు ర్యాకు గళ్లకు అడ్డం పడ్డది. పొట్టిది అలవోకగ దూరింది.

"అసలు లెక్క ఇంకింత ఉంటది, ఇది అర్థం కావడానికి చెప్తున్న," అన్నది ఆమె. "చుట్టూ ఇనుమున్న కాడ పొట్టి అల సందులకెళ్లి దూరుతది, ఇనుముకు తగిలి అటు ఇటు ఎగిరి ఎట్లనో మనిషిని చేరుతది. పొడుగు అలకు ఆ సందులు సాలవు. గని బయట పొడుగు అలదే పైచేయి. చెట్లు, చేన్లు దాన్ని అంతగ మింగవు. గుట్ట అడ్డమొస్తె అంచు మీదికెళ్లి జర వంగి అవుతలికి దిగుతది. పొట్టి అల అంత వంగదు, పచ్చటి ఆకులల్ల కూడ కొంత పోతది."

"అయితె ఏది మంచిది మేడం?" అన్న.

"ఎక్కడ మాట్లాడాలెనో చెప్పుండ్రి, అప్పుడు చెప్త."

డ్రైవరు నా పక్కన నిలవడి ఉన్నడు. "అంటె మనయి వాళ్లకు, వాళ్లయి మనకు," అన్నడు. ఆమె నవ్వి, సెట్ల లైసెన్సు కాగితం తెప్పిచ్చి చదివింది. అండ్ల రెండు జాగాలు, రెండు రకాల సెట్లు రాసే ఉన్నయి. ఏ సెట్టు ఎక్కడున్నదో మన రికార్డుల మార్చి రాసుకుంటె సాలన్నది. పోయే ముందు నాకు ఒక మాట చెప్పింది: "సెట్టు ఏదైనా సరే, ముఖ్యమైన మాట ముందు పెట్టుండ్రి. ఆపు అని మొదలు అనుండ్రి, ఏది ఆపాలెనో తర్వాత చెప్పుండ్రి. అవుతలి మనిషి సరే అంటె ఒప్పుకోకుండ్రి, విన్నది మల్ల చెప్పమనుండ్రి."

ఆ బేస్తవారమే సెట్లు మారినయి. మరుసటి పొద్దు మేనేజరు అందరిని షట్టర్ల కాడికి పిలిచిండు. నాకు భయమైంది, మల్లేందని. ఆయన చేతులు వెనుకకు కట్టుకొని, "మొన్న లారీ సంగతిల తప్పు ఈమెది కాదు, డ్రైవరుది కాదు. సెట్లు ఎక్కడియి అక్కడ పెట్టకుండ ఉల్టా పెట్టింది నేను" అన్నడు. అంతే అన్నడు. అందరి ముందట తిట్టిన మనిషి అందరి ముందటే ఆ మాట అనుడు నేను అనుకోలే. "ఒకటో షట్టరు లారీ వచ్చింది సార్" అని పనిల పడ్డ.

ఆ వానకాలం మాకు ఒక్క లాటు కూడ తప్పు పోలే. "ఆపు, మూడో బండి" అని నేనంటె, "ఆపిన, మూడో బండి" అని తొమ్మిదో వరుసకెళ్లి జవాబు వస్తది. డ్రైవరు ఆ అలవాటు ఇంట్ల కూడ పెట్టిండట. పిల్లలను ఉప్పు తెమ్మంటె "ఉప్పు, ఒక ప్యాకెటు" అని మల్ల చెప్పిస్తుండని అతని భార్య నాతోని మొర పెట్టుకున్నది.

చేనుకు ఇప్పుడు వ్యాను పోయినప్పుడల్ల నాకు ఏదో ఒక పని తగులుతది, నేనే తగిలిచ్చుకుంట. మొన్న పోయినప్పుడు మేస్త్రి, నేను గుట్ట మీద ఒక బండ నీడకు కూసున్నం. ఆయన భార్య తమ సొంత చేనుల మక్కెండ్లు కాల్చి పంపింది. మధ్యాహ్నం ఎండ, చల్లటి గాలి, కింద చేనంత కదులుతాంది. ఆయన ఒళ్లె పెట్టుకున్న సెట్టులకెళ్లి అవుతలి మడి ఆడవాళ్ల ముచ్చట్లు వస్తనే ఉన్నయి. ఎవరిదో బొత్తం ఒత్తుకపోయినట్టుంది, వాళ్లకు తెలువది. ఒకామె తన అల్లుని సంగతి చెప్తాంది. మేస్త్రి హరికథ విన్నట్టు వింటుండు.

"చెప్పన్నా వాళ్లకు, వినవడుతాందని," అన్న.

"బొత్తం వాళ్లది ఒత్తి ఉన్నంతసేపు నా మాట పోదు గదా," అన్నడాయన, మక్కగింజలు నములుకుంట. "అల్లుడు ఏం చేసిండో తెలువనియ్యి."

అల్లుడు ఏం చేసిండో తెలిసేదాక ఇద్దరం లేవలే. వ్యాను గోదాంకు అరగంట ఆలస్యంగ చేరింది. ఎందుకని మేనేజరు అడిగితె, గుట్ట మీద కూసొని మక్కెన్ను తిన్న అని ఉన్న మాట చెప్పిన. ఆయన నాకేది తేలేదా అన్నడు. సంచిల ఇంకో రెండు ఉండె, తీసి ఇచ్చిన.